డెడ్‌వుడ్ రుద్రభూమి

పురాతన నగరముల చరిత్రను వ్రాయువారికి ఆధారములు కొరవడవు. కోటగోడలు, ఆలయశాసనములు, దానపత్రములు, నాణెములు, కైఫీయతులు మొదలగు సామగ్రి కొద్దియో గొప్పయో అన్నిచోట్లను లభించును. వానిలోని పరస్పర వైరుధ్యములను తూచి సత్యమును నిర్ణయించుటయే చరిత్రకారుని పని. కాని ఒక వేసవిలో పుట్టి, ఆ వేసవి ముగియకముందే వేలకొలది జనముతో క్రిక్కిరిసి, పాలకుడు లేక, న్యాయస్థానము లేక, తాను నిలిచిన నేలపై తనకు హక్కే లేక బ్రదికిన ఊళ్ళు కొన్ని గలవు. పంతొమ్మిదవ శతాబ్దియందు అమెరికా పశ్చిమసీమలలో బంగారమును వెదకుచు పోయినవారు కట్టుకొన్న ఊళ్ళు అట్టివి. వానిలో కాపురముండుటకు వచ్చినవారు అరుదు. దొరకినంత మూటగట్టుకొని మరలిపోవలెనని వచ్చినవారే దాదాపు అందరును. అట్టిచోట తిరిగిపోవు తలంపు లేక మొట్టమొదట స్థిరపడినవాడు మరణించినవాడే యనవలెను. కావుననే ఆ ఊళ్ళ చరిత్రకు శ్మశానవాటిక ప్రథమాధారమగుచున్నది. దక్షిణ డకోటా రాష్ట్రమున, బ్లాక్ హిల్స్ అను పర్వతపంక్తి యొడిలో, డెడ్‌వుడ్ అను చిన్న పట్టణము కలదు. దానికి పైగా నున్న నిటారైన కొండవాలుపై మౌంట్ మొరయా అను శ్మశానము కలదు. అందు ఎవరిని ఎచ్చట పాతిపెట్టిరో, పాతిపెట్టినవారిలో ఎవరిని మరల త్రవ్వి తీసికొనిపోయిరో, ఎవరికి అందు అసలు చోటే లేకపోయెనో విచారించినచో, చొరబాటుదారుల విడిది యొకటి పట్టణముగా మారిన విధము ఏ దస్తావేజులోను కానరానంత స్పష్టముగా తెలియవచ్చును.

ఆ పర్వతములను లకోటా జాతివారు పహా సాపా యందురు. దేవదారువంటి వృక్షములతో దట్టముగా నిండి దూరమునుండి నల్లగా కనబడుటచే ఆ పేరు వచ్చినది. లకోటాలకవి పవిత్రస్థలములు, వేటకును, గుడారపు గుంజలకును, మందుమూలికలకును ఆశ్రయములు. 1868వ సంవత్సరమున ఫోర్ట్ లారమీయందు అమెరికా ప్రభుత్వము లకోటాలతోను వారి మిత్రజాతులతోను సంధి చేసికొని, మిస్సోరీ నదికి పడమటనున్న నేటి దక్షిణ డకోటా భాగమంతయు, బ్లాక్ హిల్స్‌తో కూడ, వారికి విడిచిపెట్టి, ఇతరులెవ్వరును అందు అడుగిడరాదని ఒప్పుకొనెను. ఆ సంధిలోని సిరా యారి ఆరేండ్లైనదో లేదో, 1874వ సంవత్సరపు వేసవిలో, సేనాని జార్జి కస్టర్ వేయిమందికి మించిన పరివారముతోను నూరింటికి పైబడిన బండ్లతోను ఆ కొండలను పరిశీలింప బయలుదేరెను. ఫ్రెంచ్ క్రీక్ అను వాగులో బంగారపు రేణువులు కానవచ్చినవని ఆతని శిబిరమునుండి వార్త పొక్కెను. అంతకు ముందటి యేడు అమెరికాలో బ్యాంకులు కూలి, వ్యాపారములు స్తంభించి, లక్షలమంది పనిలేక తిరుగుచుండిరి. అట్టివారి చెవిని ఆ వార్త పడినపిమ్మట సంధిపత్రములు వారిని ఆపగలుగునా? మొదట సైన్యము చొరబడినవారిని పట్టి వెలుపలికి పంపుచుండెను. 1875లో ప్రభుత్వము ఆ కొండలను కొనజూచెను, లకోటాలు అమ్మమనిరి. ఆ సంవత్సరము నవంబరులో అధ్యక్షుడు గ్రాంటు, సంధిని బహిరంగముగా రద్దుచేయకయే, చొరబాటును అడ్డుకొనవలదని లోలోపల నిశ్చయించెను. కట్ట తెగినది.

1875 చివరను, 1876 మొదటను కొందరు బంగారు వేటగాండ్రు ఉత్తరదిశనున్న యొక ఇరుకు లోయలోనికి దిగిరి. ఎండి నిలిచిన మానులతోను పడిపోయిన దుంగలతోను నిండియుండుటచే దానిని డెడ్‌వుడ్ లోయ యనిరి. అందలి వాగుయిసుకలో బంగారము సమృద్ధిగా నుండెను. 1876 ఏప్రిల్ నాటికి వీధి యొకటి కొలిచి ఊరిని గుర్తించిరి. వేసవికి అది వేలకొలది జనముగల పేటయయ్యెను. ఆ జూన్ 25వ తేదీననే పడమట లిటిల్ బిగ్‌హార్న్ నదీతీరమున కస్టరును అతని దళమును లకోటా, షెయెన్ యోధులు తుడిచిపెట్టిరి. అనగా యుద్ధము జరుగుచున్న కాలమున, శత్రువునకు చెందినదని తామే ఒప్పుకొన్న నేలపై, తమ ప్రభుత్వపు చట్టమునకే బాహ్యులై ఆ జనము ఉండిరన్నమాట. వారికి నగరసభ లేదు, న్యాయాధిపతి లేడు, భూమిపట్టా లేదు. కాని చావు మాత్రము చట్టమునకై వేచియుండదు గదా! గనిగోడ కూలియు, జ్వరము తగిలియు, మశూచి సోకియు, కత్తిపోట్లకును తుపాకిగుండ్లకును చిక్కియు జనము చచ్చుచునేయుండిరి. కావున ఆ ఊరు తన మొదటి ప్రభుత్వమును ఏర్పరచుకొనకముందే తన మొదటి శ్మశానమును ఏర్పరచుకొనెను. ఊరి ప్రక్కనే, నడచిపోదగిన దూరములో, ఇంగిల్‌సైడ్ అను మిట్టపై మొదటి గోతులు త్రవ్విరి.

ఆ మొదటి గోతులలో జగత్ప్రసిద్ధమైనది వైల్డ్ బిల్ హికాక్ అను మారుపేరుతో వ్యవహరింపబడిన జేమ్స్ బట్లర్ హికాక్‌ది. అంతర్యుద్ధమున వేగులవాడుగను, పిదప కాన్సాసు పశువుల సంతలపేటలలో శాంతిరక్షకుడుగను పనిచేసి, పత్రికలవారి అతిశయోక్తులచే బ్రదికియుండగనే కథానాయకుడైన యీతడు 1876 జూలైలో డెడ్‌వుడ్ చేరెను. వచ్చి మూడు వారములైనను నిండలేదు. ఆగస్టు 2వ తేదీ మధ్యాహ్నము ఒక మద్యశాలలో పేకాడుచుండగా జాక్ మెకాల్ అనువాడు వెనుకనుండి వచ్చి తలపై కాల్చెను. హికాక్‌కు అప్పుడు 39 ఏండ్లు. ఆతని మిత్రుడు చార్లీ అటర్ శవమును తన విడిదికి చేర్చి, శవపేటికను చేయించి, ఇంగిల్‌సైడున పాతించి, తలదిక్కున కొయ్యపలకయొకటి నాటించెను. మరునాడు గనిపనివారు తమలో కొందరను పంచులుగ నేర్పరచి మెకాల్‌ను విచారించిరి. హికాక్ తన సోదరుని చంపెనని వాడు చెప్పిన కథను నమ్మిరో, లేక మరియేమి కారణమో, నిర్దోషియని విడిచిపెట్టిరి. వాడు వయోమింగు పోయి, చేసిన హత్యనుగూర్చి గొప్పలు చెప్పుకొనుచు దొరకిపోయెను. డకోటా ప్రాంతపు రాజధాని యాంక్టనులో మరల విచారణ జరిగెను. ఒకే నేరమునకు రెండు విచారణలు కూడవను నియమము వానిని కాపాడవలసియుండెను. కాని డెడ్‌వుడ్‌లో జరిగినది న్యాయవిచారణయే కాదనియు, ఆ ఊరు ఇండియనుల భూమిపై అక్రమముగా నెలకొన్నది గాన అందలి పంచులకు ఏ అధికారమును లేదనియు తేలెను. 1877 మార్చి 1వ తేదీన మెకాల్ ఉరితీయబడెను. ఈ తీర్పులోని మర్మమును పాఠకులు మరువకుందురు గాక. దానితో మరల పని కలదు.

హికాక్ మరణించిన పదునెనిమిదవ దినమున మరియొక మృతదేహము ఇంగిల్‌సైడునకు వచ్చెను. అది మెథడిస్టు బోధకుడు హెన్రీ వెస్టన్ స్మిత్‌ది. ఆతడు వారమంతయు కూలిపని చేసి పొట్టపోసికొనుచు, ఆదివారమున నడివీధిలో నిలిచి, జూదశాలల కేకల నడుమ దైవప్రసంగము చేయుచుండువాడు. ఆగస్టు 20వ తేదీ ఆదివారమున, దారి ప్రమాదకరమని మిత్రులు వారించినను వినక, క్రుక్ సిటీ అను పేటకు ప్రసంగము నిమిత్తమై ఒంటరిగా కాలినడకన బయలుదేరి, మార్గమధ్యమున చంపబడెను. చంపినవారు ఇండియనులని అందరును అనుకొనిరి, దొంగలని కొందరనిరి, తన వ్యాపారము చెడునని భయపడిన మద్యవ్యాపారి యెవడో చేయించెనని మరికొందరనిరి, హంతకుడెవ్వడో తేలలేదు. జూదరియు బోధకుడును ఒకే మిట్టపై, ఒకే మాసములో, ఇరుగుపొరుగున నిద్రించిరి. తొలినాటి శ్మశానమునకు ఎంపిక యనునది లేదు. వచ్చిన శవమును వచ్చిన క్రమముననే మన్ను స్వీకరించెను. గుడారములలో జనము కలగాపులగముగా నున్నట్లే గోతులును ఉండెను.

ఊరు పెరుగుచున్నకొలది ఆ మిట్టకు గిరాకి కలిగెను. లోయ మిక్కిలి ఇరుకు. సమతలమైన జాగా యెచ్చటనున్నను అది ఇంటికో దుకాణమునకో గనికో కావలసినదే. బ్రదికినవారికి పనికివచ్చు నేలను మృతులకు విడువజాలక, 1878వ సంవత్సర ప్రాంతమున ఊరివారు పైనున్న ఏటవాలు కొండనెన్నుకొని, దానికి మౌంట్ మొరయా యని బైబిలునందలి పర్వతము పేరు పెట్టిరి. అబ్రహాము పుత్రుని బలియీయబోయిన కొండగను, సొలొమోను దేవాలయము కట్టిన తావుగను ఆ పేరు ఫ్రీమేసనుల సంఘమువారికి ప్రీతిపాత్రము. ఊరిపెద్దలలో ఆ సంఘమువారు మెండు. పిదప ఇంగిల్‌సైడులోని గోతులను త్రవ్వి ఎముకలను పైకి తరలించుట ఆరంభమయ్యెను. 1879లో చార్లీ అటర్ తన మిత్రుని పేటికను తెరపించెను. మట్టిలోని ఖనిజలవణములు చేరుటచేత కాబోలు, శరీరము చెడక రాయివలె బిరుసెక్కి బరువైనదని చూచినవారు చెప్పిరి. బోధకుడు స్మిత్‌ను కూడ పైకి చేర్చిరి. బంధువులుగాని మిత్రులుగాని గలవారు పైకెక్కిరి. అడుగువారు లేనివారు పలువురు క్రిందనే మిగిలిరి. వారి తలలపై నిండ్లు లేచినవి. 1879 సెప్టెంబరు 26వ తేదీ రాత్రి ఒక రొట్టెల దుకాణములో కిరసనాయిలు దీపము పడి పుట్టిన మంట ఊరిలోని మూడువందల కట్టడములను బూడిద చేసెను. రెండువేలమంది నిలువనీడ లేనివారైరి. ఆ తరువాత ఇటుకతోను రాతితోను కట్టుకొనిరి. ఆ తరుణముననే కొయ్యపలకలకు మారుగ కొండపైన చలువరాతి ఫలకములు వెలయసాగినవి. ఇండ్లును గోరీలును ఏకకాలమున రాతిని ధరించుట కాకతాళీయము కాదు. ఇక నిచ్చటనే యుండవలెనను నిశ్చయమునకు అవి రెండును గుర్తులు.

1880 జనాభాలెక్కలలో ఊరిలో 3,777 మంది తేలిరి. నేడు మౌంట్ మొరయాయందు మూడువేలకు మించిన మృతులు కలరు. నేడు ఊరిలో బ్రదికియున్నవారి సంఖ్య 2020 లెక్కల ప్రకారము 1,156 మాత్రమే. కొండను విభాగములుగా పంచి, దారులు తీర్చి, సంఘమునకొక చోటు కేటాయించిరి. ఫ్రీమేసనులకొక భాగము, అంతర్యుద్ధమున పోరాడిన సైనికులకొక భాగము, యూదులకొక ఎత్తైన భాగము, దానినే హీబ్రూ కొండ యందురు, అందలి ఫలకములపై హీబ్రూ లిపి నేటికిని కానవచ్చును. ఊరిలో కలసి వ్యాపారము చేసినవారు కొండపై తమతమ మతములవైపునకు మరలిరి. వీరితోపాటు పసిపిల్లలకు ప్రత్యేకమైన చోటొకటి కలదు. మశూచి, గొంతువాపు రోగము, ఎర్రజ్వరము, సన్నిపాతము ఏటేట వచ్చి ఒక్కొక యింటి పిల్లలను వరుసగా కొనిపోవుచుండెడివి. ఆ భాగమున చిన్నచిన్న రాళ్ళపై చెక్కిన తేదీలను పోల్చి చూచినచో ఒకే మాసమున ఒకే యింట మరణించినవారు కనబడుదురు. ఆ దినములలోని డెడ్‌వుడ్‌ను తుపాకుల ఊరుగా చిత్రించు కథలు లోకమున ప్రచురములు. కాని కొండ చెప్పు లెక్కప్రకారము తుపాకులు చంపినవారికన్న జ్వరములు చంపినవారు చాల ఎక్కువ. మరియొకచోట, 1883లో బ్రౌన్స్‌విల్ రంపపుమిల్లువద్ద మంటలు రేగగా అందు దగ్ధమైన పదునొకండుగురు కూలీలు ఒకే గోతిలో నున్నారు. పేదల గోతుల వరుసయును కలదు. అందు పెక్కింటికి రాయి లేదు, పేరును లేదు. గనిలోని బంగారము బ్యాంకులను చేరెను. దానిని త్రవ్వినవారిలో అనేకులు ఆ వరుసను చేరిరి.

ఈ విభాగములలో చరిత్రకారుడు మిక్కిలి తడవు నిలువవలసినది చీనావారి భాగము. 1876 నుండియే చీనా దక్షిణదేశపు గ్వాంగ్‌డాంగ్ ప్రాంతీయులు డెడ్‌వుడ్ చేరి, ప్రధానవీధి దిగువకొసను తమ పేటను కట్టుకొనిరి. తక్కినవారు వదలిన గనులలోని ఇసుకను మరల కడిగి మిగులు బంగారమును తీసిరి, బట్టలు ఉదికిరి, భోజనశాలలు నడపిరి, మందులును పట్టుబట్టలును పింగాణీయు అమ్మిరి. 1880 నాటికి సుమారు రెండువందలమంది యుండిరి. 1888 జూలై 4వ తేదీన మంటలార్పు బండ్ల పరుగుపందెమున వారి జట్టు గెలిచెను. ఆ జట్టు ఛాయాచిత్రము నేటికిని నిలిచియున్నది. ఐనను అమెరికా చట్టము వారికి పౌరసత్వమునీయలేదు. 1882 నాటి బహిష్కరణశాసనము కొత్తగా చీనాకూలీలు వచ్చుటను నిషేధించెను. భార్యాబిడ్డలను రప్పించుకొనుట బహుకష్టమయ్యెను. కావున వారి మరణములు తమవారికి వేలమైళ్ళ దూరమున జరిగెను. శవయాత్రలు మాత్రము ఊరంతయు చూడవచ్చునంత వైభవముగ జరిగెడివి. ఊరి బాకావాద్యకారులు ముందు నడువగా, దుష్టశక్తులను దారితప్పించుటకై చిల్లులుపెట్టిన కాగితపు ముక్కలను దారిపొడవునను చల్లుచు కొండపైకెక్కి, గోతివద్ద కాల్చిన పందిమాంసమును, అన్నమును, పానీయమును నివేదించి, ధూపము వేసి, మృతుని వస్త్రములను కాగితపు ధనమును దహించెడివారు. ఈ దహనమునకై 1908లో కొండపై ఇటుకలతో ఒక పొయ్యిని, దాని ముందట నైవేద్యపు అరుగును కట్టిరి.

కాని ఆ ఖననము వారికి తుదిమజిలీ కాదు. పితరుల సమాధుల నడుమ, సంతతివారు ఏటేట తుడిచి శుభ్రముచేయు చోట నిద్రింపని ఆత్మకు శాంతి లేదని వారి నమ్మిక. గోదావరిలోనో కాశీగంగలోనో అస్థులను కలిపినగాని తండ్రికి సద్గతి లేదనుకొని, ఆ చిన్నకుండను చేతబట్టి రైలెక్కిన మన తాతల మనస్సెరిగినవారికి ఇది వింతగా తోపదు. కొన్నియేండ్లు గడచి మాంసము మన్నైనపిమ్మట, సంఘములవారు పంపిన మనుష్యులు వచ్చి, గోతిని తెరచి, ఎముకలను ఒకటైనను తప్పిపోకుండ లెక్కించి, శుభ్రముచేసి, పెట్టెలలో నుంచి, పేరును గ్రామమును వ్రాసి, పశ్చిమతీరపు రేవునకు చేర్చెడివారు. అచ్చటనుండి ఓడపై హాంగ్‌కాంగ్. అచ్చట 1870లో స్థాపితమైన తుంగ్ వా ఆస్పత్రివారు అట్టి పెట్టెలను స్వీకరించి గ్రామములకు పంపెడివారు. ఇట్లు డెడ్‌వుడ్ చీనాభాగమునుండి దాదాపు అందరును వెడలిపోయిరి. మిగిలినవారిని వ్రేళ్ళపై లెక్కింపవచ్చును. చీనాపేటలో ప్రముఖ వర్తకుడై వింగ్ ట్స్యూ అను దుకాణము నడపిన ఫీ లీ వాంగ్ కూడ వార్ధక్యమున స్వదేశమునకు పోయి అచ్చటనే మరణించెను. ఆతని దుకాణభవనములు 2005 చివర కూల్పబడినవి. ఇంతకు చెప్పదలచినదేమనగా, ఆ కొండపైని ఖాళీగోతులు ఉపేక్షవలన ఏర్పడినవి కావు. రాతిఫలకమెంత సాక్ష్యమో అవియు నంత సాక్ష్యములే. ఒక జాతి ఆ నేలను తనదిగ తలపలేదనియు, ఆ నేలను పాలించినవారు అట్లు తలచుటకు దానికి అవకాశమీయలేదనియు అవి రెండు మాటలను ఒక్కసారిగ పలుకుచున్నవి.

ఉండిపోయినవారి విషయమున వేరొక ప్రమాదము సంభవించెను. హికాక్ గోరీ తీర్థస్థలమయ్యెను. వచ్చినవారు వట్టిచేతులతో పోవుటకిష్టపడక మొదటి కొయ్యపలకను ముక్కలుముక్కలుగా చెక్కుకొనిపోయిరి. 1891లో రియోర్డన్ అను శిల్పి చేసిన అర్ధప్రతిమను నిలిపిరి; దానికిని ఆ గతియే పట్టెను. ఇరువదవ శతాబ్ది ఆరంభమున ఆల్విన్ స్మిత్ అను శిల్పి మలచిన నిలువెత్తు ఇసుకరాతి విగ్రహమును స్థాపించి, ఇనుపకంచెతో చుట్టివేసిరి. కంచె సందులనుండియే దానిని కొట్టి, చేతులు విరిచి, తుదకు తలను కూడ మాయముచేసిరి. బంగారమునకై కొండలను పెళ్ళగించిన జనము యొక్క బిడ్డలు, జ్ఞాపకమునకై గోరీని పెళ్ళగించిరి. 1903 ఆగస్టు 1వ తేదీన, డెడ్‌వుడ్‌కు సమీపమున టెర్రీ అను గనుల ఊరిలో, కలామిటీ జేన్ అను పేర విఖ్యాతిగన్న మార్తా జేన్ కానరీ మరణించెను. పురుషవేషమున గుర్రమెక్కి తిరిగినదియు, మద్యమునకు బానిసయు, మశూచి సోకినవారిని వెరవక కనిపెట్టుకొనియుండెనని పేదలచే కొనియాడబడినదియు నైన ఈమె తనను హికాక్ ప్రక్కన పాతిపెట్టుడని కోరెను. బ్రదికియుండగ ఆతడామెను లక్ష్యపెట్టినట్లు నిదర్శనములు లేవు. ఐనను ఊరివారు ఆ కోరికను నెరవేర్చి, ప్రేమకథ యొకదానిని ఉచితముగా సంపాదించుకొనిరి. వేశ్యాగృహములు నడపి ధనవంతురాలైన డోరా డుఫ్రాన్ 1934లో మరణించగా, ఆమెను పెంపుడుచిలుకతోకూడ ఆ కొండమీదనే పాతిరి. 1929లో దాదాపు ఏడు ముప్పాతిక ఔన్సుల బంగారుముద్దను కనుగొంటినని చాటి, ఊరి ఉత్సవములలో తొలికాలపు గనివాని వేషమున యాత్రికులను అలరించిన పొట్టివాడు పొటేటో క్రీక్ జానీ 1943లో గతించి, హికాక్, కలామిటీ జేన్‌ల చెంతనే చోటు సంపాదించెను. ఆతని నాటికి తొలికాలము గడచిపోయి, తొలికాలపు నటన మిగిలెను. గోరీల వరుసలో నిజమైన గతమును, దాని వేషమును నడుమ గోడలేక నిలిచినవి.

ఈ సందడికి దూరముగా నుండగోరినవాడు సెత్ బులక్. హికాక్ చనిపోవుటకు ఒక దినము ముందు, మోంటానానుండి సాల్ స్టార్ అను భాగస్వామితో ఇనుపసామానుల బండ్లు తోలుకొని డెడ్‌వుడ్ చేరిన యీతడు, 1877 మార్చిలో ఆ మండలమునకు మొదటి షెరీఫుగా నియమితుడై, శాంతిని నెలకొల్పి, పిదప రైతుగను, వర్తకుడుగను, థియొడోర్ రూజ్‌వెల్టునకు ఆప్తమిత్రుడుగను కీర్తిగడించెను. రూజ్‌వెల్టు మరణించిన 1919లో ఆతని స్మారకముగా ఎదుటి కొండపై రాతిబురుజును కట్టించి, జూలై 4వ తేదీన ప్రతిష్ఠింపించి, సెప్టెంబరులో తానును కన్నుమూసెను. ఆతని గోరీ శ్మశానపు హద్దులకు చాల పైన, ఆయాసపడి ఎక్కిన కాని చేరరాని చోట, ఆ బురుజునకు అభిముఖముగ నున్నది. నడుమ చెట్లు పెరిగి నేడు బురుజు కానరాదు. వ్యాపారి, అధికారి, గృహస్థు అనువారు వచ్చినపిమ్మటగాని విడిది ఊరు కాదు. గోరీకి అభిముఖమును ఎన్నుకొను తీరిక వారికే కలిగెను.

వాగులలోని బంగారము కొలది యేండ్లకే తరుగగా, ప్రక్కనున్న లీడ్ పట్టణపు హోమ్‌స్టేక్ గని భూగర్భమునుండి శతాబ్దమునకు మించి, 2002లో మూతపడువరకు, దాదాపు నాలుగు కోట్ల ఔన్సుల బంగారమును తీసెను. డెడ్‌వుడ్ క్షీణించి, తన గతమును అమ్ముకొని బ్రదుకుట నేర్చెను. 1961లో ఊరంతయు జాతీయ చారిత్రకస్థలముగ ప్రకటింపబడినది. 1989 నవంబరులో జూదము చట్టబద్ధమైనది. దానివలని రాబడిలో కొంత ప్రాచీన కట్టడముల పరిరక్షణకు వినియోగింపబడుచున్నది. మౌంట్ మొరయాలో కొత్త ఖననములు ఇరువదవ శతాబ్ది మధ్యభాగముననే నిలిచిపోయినవి. ఇప్పుడది రుసుము చెల్లించి చూడవలసిన స్థలము. పేకాటలో చచ్చినవాని గోరీకి జూదపు సొమ్ముతో మరమ్మతు జరుగుట విధివిలాసమే. 2012లో ఇంగిల్‌సైడు ప్రాంతమున ప్రహరీగోడను తిరిగి కట్టుచుండగా పునాదిలో ఒక యువకుని ఎముకలు బయల్పడినవి. 1870 ప్రాంతములలో గతించి, పైకెక్కించువారు లేక క్రిందనే మిగిలినవారిలో ఆతడొకడు. శాస్త్రజ్ఞులు పరీక్షించి, పేరు తెలియక, తుదకు కొండపైనే సమాధిచేసిరి. ఆతని తరలింపు నూటముప్పదియేండ్లకు పైగా ఆలస్యమైనది.

ఇక నా కొండపై ఎన్నడును చోటు లేనివారిని గూర్చి చెప్పవలసియున్నది. లకోటాలు పూర్వము మృతులను చర్మములతో చుట్టి, మంచెలపైనో చెట్లకొమ్మలపైనో ఆకాశమున కెదురుగ పరుండబెట్టెడివారు. కాలక్రమమున మంచె కూలును, చెట్టు పడును. రాతిపై వ్రాతయేదియు మిగులదు. రాయి లేని చోట మనుష్యులే లేరని అనుకొనుట వచ్చినవారికి ఎంతో అనుకూలమైన పొరపాటు. 1876 యుద్ధానంతరము, భూమిని వదలుకొన్నగాని ఆహారపు బత్తెమీయమని ప్రభుత్వము పట్టుబట్టి, 1868 సంధి ప్రకారము వయోజనపురుషులలో నాల్గింట మూడువంతులమంది సమ్మతింపవలసియుండగా, పదింట నొకవంతు చేవ్రాళ్ళతోనే సరిపెట్టుకొని, 1877 ఫిబ్రవరి 28న బ్లాక్ హిల్స్‌ను చట్టముచే స్వాధీనము చేసికొనెను. మెకాల్ ఉరికంబమెక్కినది దాని మరునాడే. నేల డెడ్‌వుడ్‌వారిది కాదను కారణముచేత మరల విచారింపబడినవాడు ప్రాణములు విడుచునప్పటికి ఆ నేల ఒక్కదినముననే వారిదై కూర్చుండెను.

1980 జూన్‌లో అమెరికా సర్వోన్నతన్యాయస్థానము ఆ స్వాధీనము న్యాయపరిహారము లేక జరిగినదని తేల్చి, ఒకకోటి డెబ్బదియొక్క లక్షల డాలర్లను, 1877 నుండి వడ్డీతోకూడ చెల్లింపవలెనని తీర్పుచెప్పెను. లకోటాలు ఆ ధనమును ముట్టలేదు. భూమి అమ్మకమునకు లేదని 1875లో చెప్పిన మాటనే మరల చెప్పిరి. ఖజానాలో ఆ సొమ్ము పెరిగి పెరిగి ఇప్పటికి నూరుకోట్ల డాలర్లను మించినది. యాంక్టనులోని తీర్పును, వాషింగ్టనులోని తీర్పును కలిపి చదివినచో రెండును ఒకే మాటను చెప్పుచున్నవి: డెడ్‌వుడ్ నెలకొన్ననాడు ఆ నేల పరులది. మొదటి తీర్పు ఆ సత్యమును ఒకనిని ఉరితీయుటకు వినియోగించెను. రెండవది దానికి వెలకట్టెను. రెండింటిలో ఏదియు నేలను మరలింపలేదు. ఆ తీర్పుల నడుమ మూడువేలమంది మృతులు ఆ కొండవాలును నింపిరి. వారిలో పసిపాపలు, కూలీలు, దయగలవారు, దుర్మార్గులు అందరును కలరు. వారిపై కోపగించుకొన పనిలేదు. కాని వారి గోరీలను చూపి ఈ నేల మొదటినుండియు మాదే యనువారికి మాత్రము ఒక మాట చెప్పవచ్చును. మృతులు సాక్షులే గాని హక్కుపత్రములు గారు. అచ్చట నిలిచిన రాళ్ళను, త్రవ్విపోయిన గోతులను, కూలి మాసిపోయిన మంచెలను మూడింటిని సమముగా ప్రశ్నించినప్పుడే ఆ పట్టణపు చరిత్ర సమగ్రమగును. మొదటిదానితో తృప్తిపడినది చరిత్ర కాదు, స్థలపురాణము.